ఒక చేతిలో ఎర్ర సిరా, ఇంకో చేతిలో నోట్‌బుక్: భాషా అధ్యాపకుల ఉద్యోగం అసలేమిటి?

ఏడో తరగతి పిల్లాడి కాంపోజిషన్ కాపీ అది. 'మా నాన్న హార్బర్ నుంచి పొద్దెక్కేక వచ్చేడు. చేపలు తెచ్చేడు' అని రాశాడు. తెలుగు టీచరుగారు 'వచ్చేడు', 'తెచ్చేడు' రెంటికీ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, పక్కన 'వచ్చాడు', 'తెచ్చాడు' అని రాసి, కాపీ మూసి ఇంకోటి తీశారు. అరవై కాపీలున్నాయి, సాయంత్రంలోపు తిరిగివ్వాలి.

అదే కాపీ ఇంకొకరి చేతిలో పడిందనుకోండి. ఆవిడ సున్నా చుట్టరు. 'ఈ పిల్లాడు చేడు అని రాశాడు, పక్క బెంచీ పిల్ల చాడు అని రాసింది. ఇద్దరూ పలికేది ఒకటేనా?' అని తన నోట్‌బుక్‌లో రాసుకుంటారు.

మొదటావిడ చేసింది భాషాబోధన. రెండో ఆవిడ మొదలుపెట్టింది భాషా పరిశోధన. యూనివర్సిటీలో ఉద్యోగమైతే ఈ ఇద్దరూ ఒకే మనిషి, ఒకే జీతం. బయటివాళ్లకు ఈ వృత్తి అర్థం కాకపోవడానికి సగం కారణం ఇదే. మిగతా సగానికి పరీక్షల పేర్లు కారణం.

విశాఖలో ఈ మధ్య ఈ విషయం తరచూ మాటల్లోకి వస్తోంది. 1926లో బెజవాడలో పుట్టి 1930లో వాల్తేరుకు వచ్చిన ఆంధ్ర విశ్వవిద్యాలయం నూరేళ్ల పండగ ఒకవైపు. 2018 తర్వాత మళ్లీ 2025లోగానీ జరగని బడి టీచర్ల నియామక పరీక్ష, 16,347 పోస్టుల మెగా డీఎస్సీ ఇంకోవైపు. కాలేజీ అధ్యాపక అర్హతకు, పరిశోధనకు రాసే నెట్ పరీక్షలో 2024 జూన్ నుంచి వచ్చిన మూడు కేటగిరీలు వీటికి తోడు. సిరిపురం నుంచి మద్దిలపాలెం దాకా ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా ఎవరో ఒకరు అడుగుతారు: తెలుగు ఎమ్మే చేస్తే డీఎస్సీ రాయాలా, నెట్ రాయాలా? పీహెచ్‌డీ అంటే ఇంకా చదివేదేముంది, మనం మాట్లాడేదే కదా?

రెండో ప్రశ్నకు జవాబు దొరికితే మొదటిదాని చిక్కు కొంత వీడుతుంది. కాబట్టి ముందు ఆ కాపీ దగ్గరికే వెళ్దాం.

అక్షరం లేని అచ్చు

'వచ్చాడు' అని మామూలుగా, ఇంట్లో అన్నట్టు అనండి. ఇప్పుడు 'చాప' అనండి. రాతలో రెండింటికీ 'చా'యే. పలుకులో రెండూ ఒకటి కావు. 'చాప'లో నాలుక పళ్ల దగ్గరికి వెళ్తుంది, తర్వాత నిండైన 'ఆ' వస్తుంది. 'వచ్చాడు'లో నాలుక వెనక్కి జరుగుతుంది, తర్వాత వచ్చే అచ్చు 'ఆ'కీ 'ఏ'కీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. 'బ్యాటు', 'బ్యాంకు' అన్నప్పుడు పలికే అచ్చు అదే. తెలుగు వర్ణమాలలో దానికి అక్షరం లేదు.

అది ఇంగ్లిష్ నుంచి వచ్చిందనుకుంటే పొరపాటు. పాత రూపం 'వచ్చినాడు'. రాయలసీమలో ఇప్పటికీ అలాగే అంటారు. కోస్తా మాటలో మధ్యలో ఉన్న 'న' జారిపోయి, 'ఇ', 'ఆ' రెండూ కలిసి ఈ కొత్త అచ్చుగా మారాయి. తెలంగాణ దారి వేరు, అక్కడది 'వచ్చిండు' అయింది. మన దగ్గర నోట్లో అచ్చు పుట్టింది గానీ దానికో గుర్తు ఎవరూ పెట్టలేదు. అందుకని కొందరు 'చా' అని, కొందరు 'చే' అని రాశారు. ఉత్తరాంధ్ర కథకులు చాలామంది 'వచ్చేడు', 'చెప్పేడు' అనే అచ్చు వేయించారు. 'బ్యాంకు' సంగతీ అంతే: బాంకు, బ్యాంకు, బేంకు, మూడు రాతలూ తెలుగు పుస్తకాల్లో, పత్రికల్లో తిరిగాయి.

హార్బర్ పిల్లాడు తన చెవిని నమ్మి రాశాడు. పాఠ్యపుస్తకం ఇంకో రాతను ఎంచుకుంది. టీచరుగారు దిద్దడం తప్పు కాదు, పరీక్షలో పుస్తకం రాతకే మార్కులు. కానీ 'తప్పు' అనే మాటతో పరిశోధకురాలికి పని జరగదు. ఆవిడకి లెక్క కావాలి.

ఉదాహరణకు ఇలా చేశారనుకుందాం. నలభై మంది పిల్లలు, ఇరవై మాటల డిక్టేషన్. అందులో పది 'వచ్చాడు' లాంటి క్రియలు, పది 'బ్యాటు' లాంటి అరువు మాటలు. మొత్తం ఎనిమిది వందల రాతలు చేతికొస్తాయి. క్రియల నాలుగు వందల్లో 120 చోట్ల 'ఏ' కనిపించింది, అరువు మాటల నాలుగు వందల్లో 40 చోట్లే కనిపించింది అనుకుందాం. అంటే 30 శాతం, 10 శాతం. పలుకులో అచ్చు ఒకటే అయితే, రాతలో ఇంత తేడా ఎందుకొచ్చింది? 'పిల్లలు అజాగ్రత్తగా రాస్తారు' అంటే సరిపోదు, అజాగ్రత్త రెండు చోట్లా ఒకేలా ఉండాలి కదా. బహుశా ఇంట్లో వినే క్రియారూపం వేరేమో. బడిలోనే తగిలే ఇంగ్లిష్ మాటలకు పుస్తకం రాత ముందే అలవాటైందేమో.

ఇక్కడితో పేపర్ రాసేస్తే అది పచ్చి పేపరే. ఆ 120 రాతలు నలభై మందిలో పరుచుకున్నాయా, పన్నెండు మంది పిల్లలవేనా? ఆ పన్నెండు మందీ ఒకే పేట వాళ్లా? డిక్టేషన్ చెప్పిన టీచరుగారిది ఏ ఊరు? ఆవిడ శ్రీకాకుళం వైపు మనిషైతే పిల్లలు రాసింది ఆవిడ నోటినే కావచ్చు. ఈ ఒక్క అనుమానం తీరాలంటే ఇంకో బడికి వెళ్లి, ఇంకో గొంతుతో రికార్డు చేసిన మాటలు వినిపించి, మళ్లీ ఎనిమిది వందల రాతలు లెక్కపెట్టాలి. 'ఇంకా చదివేదేముంది' అన్నవారికి నేను చెప్పే జవాబు ఈ రెండో ఎనిమిది వందలే.

మీకెన్ని భాషలొచ్చు?

భాషాశాస్త్రవేత్త అని తెలియగానే మొదట పడే ప్రశ్న ఇది. పశువుల డాక్టరు పాలు పితకడంలో దిట్ట కానక్కర్లేదు. అలాగే భాషాశాస్త్రవేత్తకు పది భాషలు గడగడా రానక్కర్లేదు. భాష ఎలా పనిచేస్తుంది, ఎలా మారుతుంది, పిల్లలకు ఎలా అబ్బుతుంది అన్నది ఆ శాస్త్రం చూసే సంగతి.

బడిలో ఉండేది భాషా ఉపాధ్యాయులు. వెనకటికి తెలుగు పండితులు అనేవారు, ఇప్పుడు చాలావరకు స్కూల్ అసిస్టెంట్ తెలుగు. కాలేజీలో ఉండేది అధ్యాపకులు. పరిశోధకులలోనే మూడు దారులున్నాయి. ఒక కవిని, ఒక కాలపు కథను పట్టుకునేది సాహిత్య పరిశోధన. తెలుగు శాఖల్లో వచ్చే పీహెచ్‌డీలు ఎక్కువగా ఇవే. ధ్వనులు, పదాల కట్టుబాటు, మాండలికాలు చూసేది భాషాశాస్త్రం. భాషను ఎలా నేర్పాలి, ఎలా పరీక్షించాలి, నిఘంటువు ఎలా కట్టాలి అన్నది అనువర్తిత భాషాశాస్త్రం. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తెలుగు, ఇంగ్లిష్, భాషాశాస్త్రం వేర్వేరు శాఖలు. నెట్‌లో కూడా మూడూ వేర్వేరు సబ్జెక్టులు. తెలుగు ఎమ్మే చేసి మాండలికాల మీద మక్కువ పడ్డ కుర్రాడు ఏ గుమ్మం తొక్కాలో తెలియక ఏడాది పోగొట్టుకునేది ఇక్కడే.

దొర అడిగిన ప్రశ్న, మేష్టారు వెతికిన జవాబు

బోధన, పరిశోధన ఒకే మనిషిలో కలవడం మనవైపు యూనివర్సిటీలకన్నా పాతది. 1906 ప్రాంతంలో విశాఖ వైపు బడుల తనిఖీ అధికారిగా జె.ఎ. యేట్స్ అనే ఆంగ్లేయుడు ఉండేవారు. పుస్తకాల తెలుగు ఒకటి, జనం తెలుగు ఇంకొకటి కావడం ఆయనకు మింగుడుపడలేదు. ఆ ప్రశ్న చుట్టూ చేరినవాళ్లు విజయనగరం నుంచి గురజాడ అప్పారావు, పర్లాకిమిడి నుంచి గిడుగు రామమూర్తి, విశాఖ ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్. వ్యావహారిక భాషోద్యమానికి అది నాంది. చూడండి, నలుగురిలో ముగ్గురు బడితో, కాలేజీతో పొద్దు గడిపేవాళ్లే.

వీళ్లలో గిడుగు కథ మన విషయానికి మరీ దగ్గర. 1863లో పుట్టిన ఆయన పర్లాకిమిడి రాజావారి బడిలో చరిత్ర పాఠాలు చెప్పేవారు. చుట్టుపక్కల కొండల్లో సవరలున్నారు. వాళ్ల భాష తెలుగు కుటుంబానిది కాదు, ముండా కుటుంబానిది. తెలుగు తెలిసినంత మాత్రాన ఒక్క ముక్క అర్థం కాదు. గిడుగు సవర నేర్చుకున్నారు, సవర పిల్లల కోసం బడులు పెట్టించారు, పుస్తకాలు తయారుచేశారు. పాఠం చెప్పాలంటే పుస్తకం కావాలి. పుస్తకం రాయాలంటే ఆ భాషలో ఏ ధ్వనులున్నాయో, వాటిని ఏ గుర్తులతో రాయాలో, వాక్యం ఎలా కుదురుతుందో తేలాలి. అలా బడి అవసరం కాస్తా వ్యాకరణం అయింది. 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లిష్ నిఘంటువు వచ్చాయి. అప్పటికి ఆయనకు డెబ్బై దాటాయి. ఆయన పుట్టిన ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఇంతా చేస్తే ఆయనకు ఎమ్మే లేదు. ఈనాటి నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ ఇంటర్వ్యూ గది గుమ్మం కూడా తొక్కలేరు.

భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి అవతలి ఒడ్డునుంచి వచ్చారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివి, అక్కడే పాఠాలు చెప్పి, 1957లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం నుంచి పీహెచ్‌డీ తెచ్చుకున్నారు. తెలుగు ధాతువుల మీద ఆయన పుస్తకం 1961లో వచ్చింది. మరుసటి ఏడాదే మాండలిక వృత్తిపదకోశంలో వ్యవసాయ సంపుటం. నాగలిలో ఒక్కో భాగాన్నీ ఒక్కో జిల్లా రైతు ఏమంటాడో అడిగి రాసుకున్న పుస్తకం అది. చేనేత సంపుటం 1971లో వచ్చింది. మధ్యలో 1969లో మన్యంలో మాట్లాడే 'కొండ' అనే భాష మీద గ్రంథం. ఉస్మానియాలో భాషాశాస్త్ర శాఖను నిలబెట్టి, 1986 నుంచి 1993 దాకా హైదరాబాద్ విశ్వవిద్యాలయం వైస్ చాన్సలర్‌గా పనిచేశారు. గిడుగుకు బడి దారి చూపితే, ఈయనకు శిక్షణ దారి చూపింది. ఇద్దరూ చివరికి చేరింది మన్యంలోని మనుషుల దగ్గరికే.

ఇంగ్లిష్ బోధనలో కూడా ఇలాంటి మనిషి ఒకరున్నారు. ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 దాకా దక్షిణాది మామూలు బడుల్లో ఒక ప్రయోగం నడిపారు. వ్యాకరణ పాఠం పక్కనబెట్టి, రైల్వే టైంటేబుల్ చూసి ప్రయాణం లెక్కగట్టడం లాంటి పనులు పిల్లలకిచ్చి, ఆ పని పూర్తిచేసే క్రమంలోనే భాష వస్తుందా అని చూశారు. ప్రపంచమంతా 'టాస్క్ బేస్డ్' అని చెప్పుకునే పద్ధతికి తొలి పెద్ద ప్రయోగం అదే.

అక్కాతమ్ముళ్ల లెక్క

ఇక డబ్బు సంగతి. గాజువాకలో ఒకే ఇంట్లో అక్కా తమ్ముడూ ఉన్నారనుకుందాం. ఇద్దరూ తెలుగు మీద ఇష్టంతో చదివారు. అక్క డిగ్రీ తర్వాత తెలుగు మెథడాలజీతో బీఈడీ చేసి, టీచరు అర్హత పరీక్ష టెట్ గట్టెక్కి, డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ అయింది. 2022 పీఆర్సీ (వేతన సవరణ) ప్రకారం మూలవేతనం 44,570 రూపాయల దగ్గర మొదలవుతుంది. అదే చిన్న తరగతులకు చెప్పే ఎస్జీటీ అయితే 32,670. దీనిమీద డీఏ, ఇంటద్దె వేరు.

తమ్ముడు ఎమ్మే చేసి నెట్‌లో జేఆర్ఎఫ్, అంటే పరిశోధన చేసేవారికిచ్చే ఫెలోషిప్, కొట్టాడు. మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత మూడేళ్లు నెలకు 42,000. రెండేళ్లకు 8 లక్షల 88 వేలు, మూడేళ్లకు 15 లక్షల 12 వేలు. ఐదేళ్లకు కలిపి సరిగ్గా 24 లక్షలు. ఇంటద్దె భత్యం దీనిలో కలపలేదు. ఫెలోషిప్ నెలనెలా పడదు, రెండు మూడు నెలలవి ఒకేసారి పడటం పరిశోధక విద్యార్థులకు అలవాటే. ఆ ఐదేళ్లూ అక్క సర్వీసు, ఇంక్రిమెంట్లు పెరుగుతుంటాయి. తమ్ముడికి సర్వీసు సున్నా.

ఐదేళ్ల తర్వాత తమ్ముడికి అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టు దొరికితే మూలవేతనం 57,700. అసోసియేట్ అయితే 1,31,400, ప్రొఫెసర్ అయితే 1,44,200. కాగితం మీద తమ్ముడు అక్కను దాటేసినట్టే. అయితే 'దొరికితే' అన్న మాట దగ్గర ఆగాలి. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో రెగ్యులర్ నియామకాలు ఏళ్లకేళ్లు ఆగిపోవడం మనకు తెలిసిందే. ఈలోగా గెస్ట్ ఫ్యాకల్టీ. గంట లెక్కన డబ్బు, వేసవి సెలవులకు సున్నా. పెళ్లిచూపుల్లో 'అబ్బాయి యూనివర్సిటీలో పాఠం చెప్తాడు' అని గొప్పగా చెప్పి, జీతం అడిగితే మాట మార్చే ఇళ్లు ఈ ఊళ్లో చాలానే ఉన్నాయి.

జేఆర్ఎఫ్ రాకుండా ఉత్త నెట్ వస్తే? అక్కడే ఆ మూడు కేటగిరీలు వస్తాయి.

నెట్: ఒక పరీక్ష, మూడు ఫలితాలు

పరీక్ష ఒకటే. మొదటి పేపర్ అందరికీ ఉమ్మడి, 50 ప్రశ్నలు, 100 మార్కులు. రెండోది సబ్జెక్టు, 100 ప్రశ్నలు, 200 మార్కులు. మూడు గంటలు, తప్పుకు మార్కులు పోవు. రెండు పేపర్లూ రాసినవారిలో 6 శాతం మందికే అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత ఇస్తారు.

పై వరసలో ఉన్నవారికి ఫెలోషిప్, అధ్యాపక అర్హత, పీహెచ్‌డీ ప్రవేశం మూడూ వస్తాయి. తర్వాతి వరసకు ఫెలోషిప్ ఉండదు, అధ్యాపక అర్హత, పీహెచ్‌డీ ప్రవేశం ఉంటాయి. మూడో వరసకు పీహెచ్‌డీ ప్రవేశం మాత్రమే. రెండో, మూడో వరసల వారికి ప్రవేశంలో నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం. ఆ మార్కులు పీహెచ్‌డీ ప్రవేశానికి ఏడాదే చెల్లుతాయి. అధ్యాపక అర్హత మాత్రం జీవితాంతం ఉంటుంది. జేఆర్ఎఫ్‌కు వయసు పరిమితి ఉంది, అధ్యాపక అర్హతకు లేదు. మూడో వరసలో పడ్డవారు 'నెట్ క్వాలిఫై' అని ఇంటిల్లిపాదికీ స్వీట్లు పంచి, తర్వాత కాలేజీ ఇంటర్వ్యూలో నాలుక కరుచుకోవడం జరుగుతోంది.

రాష్ట్రంలోనే పాఠం చెప్పాలనుకునేవారికి ఏపీసెట్ ఉంది. దాన్ని నిర్వహించేది ఆంధ్ర విశ్వవిద్యాలయమే. అధ్యాపక అర్హత ఇస్తుంది, ఫెలోషిప్ ఇవ్వదు.

పీహెచ్‌డీకి 2022 నిబంధనల ప్రకారం కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. ఎంఫిల్ ఆగిపోయింది. థీసిస్ ఇచ్చేముందు పేపర్ వేసి తీరాలన్న షరతు కూడా పోయింది.

ఒక జీతం, రెండు ఖాతాలు

అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి 16 గంటలు క్లాసు తీసుకోవాలని విశ్వవిద్యాలయాలకు నిబంధనలు పెట్టే యూజీసీ లెక్క. వినడానికి తక్కువే. ఒక గంట క్లాసుకు ఇంట్లో గంటో రెండు గంటలో తయారీ, కాపీలు దిద్దడం, ఇన్విజిలేషన్, కాలేజీకి గ్రేడు ఇచ్చే నాక్ బృందం వస్తే ఫైళ్లు. మిగిలిన పొద్దులో పరిశోధన. ప్రమోషన్ దగ్గరికి వచ్చేసరికి ఆ మిగిలిన పొద్దే ఎక్కువ తూగుతుంది. పేపర్లు ఎన్ని, ఎక్కడ వేశారు, ఎంతమందికి గైడ్‌గా ఉన్నారు అన్నవి లెక్కకొస్తాయి. క్లాసు బాగా చెప్పడాన్ని అంకెలోకి మార్చడం కష్టం కాబట్టి అది మౌనంగా ఉండిపోతుంది.

దీనిమీద రెండు వాదాలున్నాయి. రెండింటిలోనూ పస ఉంది.

అధ్యాపకుడికి పీహెచ్‌డీ ఉండాల్సిందే అనేవారు ఇలా అంటారు: తనంతట తాను ఒక ప్రశ్న వేసి, సాక్ష్యం పోగేసి, తన ఊహ తప్పని తేలితే ఒప్పుకున్న అనుభవం లేనివాడు పుస్తకంలో ఉన్నదాన్ని వల్లెవేస్తాడు తప్ప, 'వచ్చేడు' ఎందుకు తప్పు అని పిల్ల అడిగితే జవాబు చెప్పలేడు. అక్కర్లేదు అనేవారు ఇలా అంటారు: నెల్లూరు కవి మీద ఆరేళ్లు కూర్చున్నవాడికి మొదటి ఏడాది బీఎస్సీ పిల్లలకు ఛందస్సు చెప్పడం వస్తుందన్న నమ్మకమేమీ లేదు. డిగ్రీ కోసం రాసే థీసిస్‌ల వల్ల అటకలు నిండుతాయి, అంతే. యూజీసీ ఈ రెండింటి మధ్యా ఊగింది. విశ్వవిద్యాలయాల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే పీహెచ్‌డీ తప్పనిసరి అని 2018లో అని, అమలు వాయిదా వేసి, 2023 జులై 1 నుంచి నెట్, సెట్ లాంటివి కనీస అర్హత, పీహెచ్‌డీ ఐచ్ఛికం అని తేల్చింది.

నా మట్టుకు భాష విషయంలో మొదటి వాదం వైపే కొంచెం మొగ్గు. కెమిస్ట్రీ మేష్టారికి ల్యాబ్ కాలేజీలో ఉంటుంది. భాష మేష్టారి ల్యాబ్ క్లాసులోనే కూర్చుని ఉంటుంది, అరవై నోళ్లతో. దాన్ని వినడం ఎవరో ఒకరు నేర్పాలి. థీసిస్ అందుకు ఏకైక దారి మాత్రం కాదు. గిడుగు ఉన్నారుగా.

తెలుగు గురించిన పేపర్ ఏ భాషలో రాయాలన్న చిక్కు ఇంకోటుంది. మాండలికాల మీద ఇంగ్లిష్‌లో రాస్తే బయటి ప్రపంచం చదువుతుంది, చర్చకు పెడుతుంది, తప్పులు పడుతుంది. కానీ పాడేరు, పలాస టీచర్లకు అందదు. తెలుగులో రాస్తే వాళ్లకు అందుతుంది, ప్రమోషన్ ఫైలులో తేలిపోతుంది. పత్రికల నాణ్యత చెప్పే యూజీసీ కేర్ జాబితా ఉన్నన్నాళ్లు 'జాబితాలో ఉందా లేదా' అన్నదే ప్రశ్న. 2025లో ఆ జాబితానే ఎత్తేసి, పత్రికను ఎలా ఎంచాలో కొలతలు ఇచ్చి, సంస్థలనే చూసుకోమన్నారు. మంచి తెలుగు పత్రికకు ఇది మేలు చేయవచ్చు. డబ్బు కట్టించుకుని వారంలో అచ్చువేసే పత్రికలకూ చేయవచ్చు.

ఘాట్ రోడ్డు ఎక్కాక

విశాఖలో ఈ వృత్తిలోకి వచ్చేవారికి అందరికీ దొరకని వెసులుబాటు ఒకటుంది. పొద్దున్న ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సెక్కితే మధ్యాహ్నానికి వేరే భాషాకుటుంబంలో దిగొచ్చు. 2022 ఏప్రిల్‌లో పాడేరు కేంద్రంగా ఏర్పడ్డ అల్లూరి సీతారామరాజు జిల్లాలో కువి, కొండ, ఆదివాసీ ఒడియా భాషలు వినిపిస్తాయి. ఆ పిల్లలకు మొదటి రోజు బడి తెలుగు అంటే మనకు కన్నడ మీడియంలో ఒకటో తరగతి లాంటిది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో మొదలైన బహుభాషా విద్య ఈ చిక్కు కోసమే. ముందు ఇంటి భాషలో చదవడం, రాయడం, మెల్లగా తెలుగులోకి, ఆపైన ఇంగ్లిష్‌లోకి. వీలైనచోట కనీసం అయిదో తరగతి దాకా ఇంటి భాషలో చెప్పాలని 2020 జాతీయ విద్యావిధానం కూడా అంటోంది. తల్లిదండ్రుల భయం మాత్రం వేరు: మా భాష మాకు వచ్చుగా, బడికి పంపేది తెలుగు, ఇంగ్లిష్ కోసం కదా అని. ఆ భయాన్ని కొట్టిపారేసే హక్కు కొండ దిగి ఏసీ గదిలో కూర్చునే మనకు లేదు.

ఫీల్డ్‌లో పని ఎలా ఉంటుందో ఒక ముక్క. 'చెయ్యి' అన్న మాటను ఏమంటారని అడుగుతూ మీ చెయ్యి చూపించారనుకోండి. అవతలి మనిషి 'నీ చెయ్యి' అన్న మాట చెప్పవచ్చు. కొన్ని భాషల్లో శరీరభాగాలు, చుట్టరికాలు ఎవరివో చెప్పకుండా ఒంటిగా పలకవు. మీరు రాసుకున్న మాటలో సగం 'చెయ్యి', సగం 'నీ' అని తేలడానికి ఇంకో పది మాటలు అడగాలి. అడిగేటప్పుడు వాళ్ల పొలం పని ఆగిపోతుంది. అందుకే అనుమతి తీసుకోవడం, వెచ్చించిన పొద్దుకు డబ్బివ్వడం, రికార్డింగు వాళ్లకూ ఒకటి ఇవ్వడం ఇప్పుడు కనీస మర్యాద.

ఈ నైపుణ్యానికి కొత్త గిరాకీ కూడా వచ్చింది. ఫోను మన మాట విని రాయాలంటే రికార్డింగులు కావాలి, వాటి పక్కన సరైన రాత కావాలి. 2022లో కేంద్రం మొదలుపెట్టిన భాషిణి లాంటి పథకాలకు, ప్రైవేటు సంస్థలకు ఆ పని చేసిపెట్టేవాళ్లు కావాలి. అక్కడా మొదటి రోజే ఎదురయ్యే తగువు మన పాతదే. గొంతు 'వచ్చేడు'కు దగ్గరగా అంటోంది, రాత ఏది పెట్టాలి?

నేను ఒక ప్రైవేటు కాలేజీలో గంట లెక్కన కొన్నేళ్లు పాఠాలు చెప్పాను. తనిఖీకి ముందు 'మేడం, మీ పబ్లికేషన్లు ఎన్ని?' అని అడిగి, లేవంటే పదిహేను రోజుల్లో వేసే పత్రిక పేరు చెప్పారు. వేయలేదు. అప్పట్లో పిల్లల కాపీల నుంచి ఎత్తి రాసుకున్న మాటల చీటీలు మాత్రం బిస్కెట్ డబ్బాలో ఇంకా ఉన్నాయి.

ఆ క్లాసులో కూర్చున్న అమ్మాయి ఒకతె ఇప్పుడు భీమిలి వైపు హైస్కూల్లో తెలుగు చెప్తోంది. మొన్న ఫోను చేసింది.

'మేడం, మా పిల్లలు బేంకు అని రాస్తున్నారు. సున్నా చుట్టనా?'

'చుట్టకమ్మా. ముందు ఎంతమంది రాశారో లెక్కపెట్టు.'

'అరవై కాపీలు మేడం. సాయంత్రానికి ఇచ్చెయ్యాలి.'